పెన్సిల్‌తో

ఫారంలో మొదటి ప్రశ్న:
నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వేసుకుంటారు?
అయిదు నిమిషాల్లోనా, అరగంటలోనా,
గంటలోనా, గంట దాటాకనా.
నాలుగు గడులు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

మాణెమ్మ నవ్వింది.
"లేసినంక ఏస్కునుడేంది బిడ్డా,
దవుడకు పెట్టుకొనే పంట.
ఆ మంటనే నన్ను లేపుతది."

ఆ జవాబుకు గడి లేదు.

భోలక్‌పూర్ బస్తీ దవాఖానా, మూడో గది.
గది అంటే
బీపీ మిషనుకూ టీకాల ఫ్రిజ్జుకూ మధ్య రెండు కుర్చీలు.
విరిగిన దాంట్లో నేను కూర్చుంటాను.
వారానికి రెండు రోజులు
పొగాకు మాన్పించడం నా పని.
జీతం మాత్రం మూడు నెలలకోసారి గుర్తొస్తుంది వాళ్లకు.

ఆమె తెల్లారగట్ల మూడు నలభైకి బయల్దేరుతుంది.
తోళ్ల గోదాముల గల్లీ ఆమె లైను.
ఉప్పు పట్టించిన తోళ్ల కింద నుంచి కారే నీళ్లు,
వాన పడితే ఆ వాసన
మెట్లెక్కి ఇళ్లలోకి వస్తుంది.
కొత్తలో రోజూ వాంతులేనట.
పక్క లైను ఆమె చిటికెడు జర్దా, ఇంత సున్నం
అరచేతిలో నలిచి ఇచ్చిందట:
"గిది పెట్టుకో అక్కా, ముక్కు సచ్చిపోతది."
ఇరవై రెండేళ్ల కిందటి మాట.
ఉద్యోగంలో ఆమెకు దొరికిన మొదటి మందు అదే.
మాస్కు ఇప్పటికీ రాలేదు.

నా దగ్గర పోస్టరు ఉంది.
కోసేసిన దవడ, కళ్ల మీద నల్ల పట్టీ.
విప్పి చూపించబోయాను.
"ఈయన నాకు ఎరుకే.
పొట్లం మీద ఉంటడు గదా,
దినాం ఊడుస్త."

ఎనిమిది నెలల తర్వాత నికోటిన్ గమ్ము వచ్చింది,
రెండు డబ్బాలు.
నమలడం నేర్పాను:
మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి
చెంప పక్కకు నెట్టాలి.
ఆమె ఓపిగ్గా విని
నోరు తెరిచి చూపించింది.
నమిలే పళ్లు లేవు.
ఎడమవైపు ఒకటి ఉంది, అదీ కదులుతోంది.

ఒంటికి అంటించే పట్టీల కోసం ఇండెంటు రాశాను.
ఇండెంటు ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి
ఇంకో కాగితం రాశాను.

తలబ్ లేస్తే అయిదు నిమిషాలే ఉంటుంది,
ఆ అయిదు దాటిస్తే చాలని
ట్రైనింగులో చెప్పారు.
దాటించేది ఎవరో చెప్పలేదు.

ఫోనులో మూడు నలభైకి అలారం పెట్టుకున్నాను.
"ఏం జేస్తున్నవ్?"
"చీపురు బిగిస్తున్న."
"ఇప్పుడు?"
"ఇంకా గదే."
వెనకాల కుక్కలు, ఎక్కడో పాల వ్యాను.
మా ఆయన దిండు తీసి చెవుల మీద పెట్టుకున్నాడు.
ఆమె లవంగం చప్పరిస్తున్న చప్పుడు వింటూ
నేనూ కూర్చున్నాను, చీకట్లో,
నాకేదో అలవాటు మాన్పిస్తున్నట్టు.

పదకొండు రోజులు.
పన్నెండో రోజు ఎత్తలేదు.

వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది,
కొంగు నోటికి అడ్డం.
"సచ్చిన దూడను ఎత్తమన్నరు.
మూడు దినాలదట.
ఉత్త ముక్కుతోని కాలేదు బిడ్డా."

తిట్టకూడదని కూడా ట్రైనింగులో ఉంది.
తిట్టాలనే అనిపించింది,
ఆమెను కాదు.

రిజిస్టర్లో రెండే గడులు.
మానారు. మానలేదు.
రోజుకు తొమ్మిది పొట్లాలు మూడయ్యాయని
రాసుకునే జాగా లేదు.
అంచు మీద పెన్సిల్‌తో రాశాను,
పై నుంచి ఎవరన్నా వస్తే చెరిపేయొచ్చని.
దాని కింద ఇంకో మాట రాశాను: మాస్కు.
అది పెన్నుతో.

చెప్పుల్లో కాళ్లు పెడుతూ అడిగింది,
"రేపు జేస్తవా?"
"ఎత్తుతవా?"
కాసేపు చూసింది.
"ఎత్తకున్నా మోగనియ్యి."